ఎదురుగోడ మీద రాసిన మాట

బోర్డులు రాసే ఆయన్ని ఆ వీధిలో అందరూ కుంచె అనే పిలిచేవారు. ఆయన చెయ్యి తిరిగితే అక్షరం అచ్చుగుద్దినట్టు ఉండేది. ఏ జబ్బుకైనా పొడి ఇచ్చే నాటువైద్యుడు, అందరూ పొడి డాక్టరు అనే మనిషి, గది మీద "మగవారి సమస్త బలహీనతలకు రహస్య చికిత్స" అని ఉన్న బోర్డు కూడా ఆయన రాసిందే. ఆ పరిచయమే ఆయన కొంప ముంచింది.

పెళ్లయిన రెండో ఏట కుంచెకు చలిజ్వరం వచ్చి, కుడివైపు వృషణం వాచి, నిచ్చెన ఎక్కలేకపోయాడు. మూత్రానికి వెళ్తే నిప్పు పోసినట్టు మంట. ఎవరికి చెప్పుకోవాలన్నా సిగ్గు. మందుల షాపులో నొప్పి మాత్రలు అడిగి తెచ్చుకుని గుట్టుగా మింగాడు. వారానికి వాపు తీసింది. మంట మాత్రం వస్తూ పోతూనే ఉంది. ఏడాది దాటినా ఇంట్లో పసివాడి ఏడుపు వినపడకపోయేసరికి అమ్మ సాధింపులు మొదలుపెట్టింది. అప్పుడు వెళ్లాడు పొడి డాక్టరు దగ్గరికి.

ఆ పెద్దమనిషి నాడి పట్టుకున్నాడు, కళ్లు మూసుకున్నాడు, తల పంకించాడు.

"బలహీనత, అంతే. నా పొడి వాడు, గుర్రంలా తయారవుతావు. బయట ఎక్కడా అనకు సుమా, పరువు పోతుంది."

మంట సంగతి చెప్తే "ఒంట్లో వేడి" అన్నాడు. పరీక్ష అన్న మాటే ఎత్తలేదు. కుంచె రెండేళ్లు ఆ బూడిదరంగు పొడి పాలల్లో కలుపుకు తాగాడు. చివరికి పొడి డాక్టరు కుంచె భార్యను కూడా పిలిపించి, అత్తగారి ఎదుటే తీర్పు చెప్పేశాడు.

"విత్తనంలో పస నేను తెప్పించాను. నేలే చవుడైతే నన్నేం చెయ్యమంటారు?"

ఆమె పరదాలు కుట్టే దుకాణంలో మిషను మీద పనిచేసేది. మాట తక్కువ మనిషి. ఆ రోజు నుంచి పక్కింటి పసిపిల్లను ఆమె ఎత్తుకోబోతే అత్తగారు చటుక్కున లాక్కునేది. కుంచె చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఊరుకున్నా బాగుండేది. ఒకరోజు కంచం ముందు కూర్చుని, అమ్మ ఎదుటే, పక్కింటావిడ గుమ్మంలో ఉండగానే, ఏదో చికాకులో, "చవుడు నేలకి నీళ్లెన్ని పోస్తే ఏం?" అని తనూ అనేశాడు. ఆమె చేతిలోని గరిటె గిన్నెలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పనికి సెలవు పెట్టి ఒక్కతే ఆసుపత్రికి వెళ్లింది. నెల తిరిగేసరికి పరీక్షలన్నీ చేయించుకుని కాగితాలు ఆయన ఒళ్లో పడేసింది.

"నాలో ఏ లోపమూ లేదట. నా వంతు అయిపోయింది. ఇక మీరు వెళ్లండి."

ఆసుపత్రిలో డాక్టరమ్మ కుంచె వీర్యం పరీక్షకు పంపింది. క్రిములేవైనా పెరుగుతాయేమో చూడమని మరో పరీక్ష కూడా రాసింది. కాగితాలు వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగింది.

"ఎన్నాళ్లుగా ఉంది మంట?"

"మూడేళ్లు దాటిందమ్మా."

"ఇది బలహీనత కాదు బాబూ. బ్యాక్టీరియా. మూత్రం దారిలోంచి వీర్యం వచ్చే దారిలోకి పాకింది. వీర్యం నిండా చీము కణాలే. ఆ వాపులో వీర్యకణాలు దెబ్బతింటాయి, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నీకు నూటికి ఎనిమిదే కదులుతున్నాయి. కుడివైపు వీర్యం వచ్చే గొట్టం మచ్చకట్టి మూసుకుపోయినట్టుంది."

"పొడి వాడాను కదమ్మా..."

"పొడికి క్రిమి చస్తుందా? వాపు వచ్చిన రోజునే వచ్చి ఉంటే రెండు మూడు వారాల మందుతో పోయేది. ఆ గొట్టమూ మిగిలేదేమో."

కుంచె చెవుల్లో ఆ తర్వాతి మాటలేవీ పడలేదు. ఇంటికి నడిచి వస్తుంటే ఆ పొడి డాక్టర్ని చంపాలనిపించింది. బోర్డు పీకి వాడి నెత్తినే పగలగొట్టాలనిపించింది. ఆయన అలాగే వాడి గదికి వెళ్లి కాగితం బల్ల మీద కొట్టాడు.

పొడి డాక్టరు దాన్ని చూడనైనా లేదు. చిరునవ్వు నవ్వాడు.

"అయితే ఏం చేస్తావు? నలుగురిలో నిలబడి నాకు పిల్లలు పుట్టలేదు, నా వీర్యంలో చీముంది అని చెప్తావా? చెప్పుకో, నవ్వుతారు. నా దగ్గరికి వచ్చినవాడెవడూ ఇంతవరకు నోరు విప్పలేదు."

వాడి ధైర్యం ఎక్కడుందో కుంచెకు అప్పుడు తెలిసింది. వాడి దగ్గర అమ్ముడయ్యేది పొడి కాదు, మగవాళ్ల సిగ్గు. వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా సైకిళ్లు బాగుచేసే దుకాణం. దాని పక్కగోడ వెడల్పుగా, ఖాళీగా ఉంది.

సైకిళ్లాయనను అడిగితే, చక్రం తిప్పడం ఆపి పొడి డాక్టరు గది వైపు చాలాసేపు చూశాడు. ఆయనకూ పిల్లలు లేరు.

"రాసుకో. దూరం నుంచి కూడా కనపడేలా రాయి" అన్నాడు, అంతే.

మర్నాడు పొద్దున్నే కుంచె గోడకు తెల్లసున్నం కొట్టి నిచ్చెన వేశాడు. భార్య కూడా వచ్చి కింద నిలబడింది. ఆయన నల్లరంగుతో మొదలుపెట్టాడు.

"ఎదురు గదిలో రెండేళ్లు పొడి తిన్నాను. నాకున్నది బలహీనత కాదు, బ్యాక్టీరియా జబ్బు. వీర్యంలో చీము పట్టింది. ఆ డాక్టరు ఒక్కసారి కూడా పరీక్ష చేయించలేదు. నా భార్యలో లోపం ఉందని అబద్ధం చెప్పాడు."

జనం పోగయ్యారు. ఎవడో కిసుక్కున నవ్వాడు. కుంచె వెనక్కి తిరగలేదు. కింద సంతకం పెట్టబోతుంటే భార్య పిలిచింది.

"ఆగండి. ఇంకో వాక్యం ఉంది."

"ఏంటది?"

"ఆ అబద్ధం నమ్మి నేనూ నా భార్యను చవుడు నేల అన్నాను. అది రాయండి."

కుంచె చెయ్యి గాలిలో ఆగిపోయింది. "అందరూ చూస్తున్నారే..."

"నన్నన్నప్పుడు మీ అమ్మ చూడలేదా? పక్కింటావిడ వినలేదా?"

ఆమె గొంతు పెంచలేదు. ఆయన రంగులో కుంచె ముంచాడు. ఆ ఒక్క వాక్యం రాయడానికి పై ఐదు వాక్యాలంత సేపు పట్టింది. వంకర పోయిన అక్షరాన్ని ఆయన దిద్దలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పొడి డాక్టరు పరుగెత్తుకొచ్చి తుడిచెయ్యమని కేకలేశాడు. సైకిళ్లాయన పానా పట్టుకుని గోడకు అడ్డంగా నిలబడి, "గోడ నాది. నేనూ నీ పొడి తిన్నవాణ్ణే" అన్నాడు. ఆ మాటతో గుంపులోంచి మరొకడు ముందుకొచ్చాడు, ఆ వెనకే ఇంకొకడు. సాయంత్రానికి గోడ కింద బొగ్గుతో ఏడు సంతకాలు పడ్డాయి. పదో రోజున పొడి డాక్టరు గదికి తాళం వేసి ఉడాయించాడు.

క్రిమి ఏ మందుకు లొంగుతుందో చూసి రాసిన మాత్రలు కుంచె ఆరు వారాలు ఒక్కపూట తప్పకుండా మింగాడు. మంట పోయింది. కొత్త వీర్యకణం తయారవడానికి మూడు నెలలు పడుతుందని ఆగి, మళ్లీ పరీక్ష చేశారు. చీము లేదు. కదిలేవి నూటికి ఇరవై ఆరు.

"కుడివైపుది ఇక తెరుచుకోదు. ఎడమవైపు మీద ఆశ పెట్టుకోవచ్చు. మాట మాత్రం ఇవ్వలేను" అంది డాక్టరమ్మ.

ఆ వారమే సైకిళ్లాయన కబురు తెచ్చాడు. ఆ దొంగ రైలు స్టేషను వెనక వీధిలో కొత్త గది తీశాడట, వేరే పేరుతో. కుంచె ఆ సాయంత్రమే రంగు డబ్బాలు సర్దాడు. భార్య మిషను సూదిలో దారం ఎక్కిస్తోంది.

"రేపు అక్కడా రాస్తాను" అన్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. "నీ వాక్యం... అక్కడ వదిలెయ్యనా?"

ఆమె తల ఎత్తలేదు.

"రాయండి" అంది.

మర్నాడు పది గంటలకల్లా స్టేషను వెనక గోడ నిండింది. ఆ వాక్యం ఆఖర్న రాయలేదు కుంచె. దానితోనే మొదలుపెట్టాడు.