మడమ తిప్పితే చాలు

టక్.

అది ఎడమ కాలు. పొగమంచులో ఆ చప్పుడు చిన్నగా, స్పష్టంగా వినిపించింది. ఎక్కడో కాఫీ గింజలు వేయిస్తున్నారు. ఆ వాసన కూడా తడిగానే ఉంది.

రెండో టక్ కోసం రేసు గీత మీద పక్కనున్న అమ్మాయిలు చెవులు రిక్కించారు.

రాలేదు.

రిగ్బే కుడి బూటు పెడల్ మీద ఊరికే ఆని ఉంది. బూటు అడుగున చిన్న ముక్క ఉంటుంది. నొక్కితే పెడల్‌లో ఇరుక్కుంటుంది, కాలూ సైకిలూ ఒకటవుతాయి. విడిపోవాలంటే మడమ బయటికి తిప్పాలి.

అంతే. మడమ తిప్పితే చాలు.

ఎరిత్రియా కొండల మీది ఈ అస్మరాలో ఈ బూట్లు తొడిగి పడని పిల్ల లేదు. వేగంలో కాదు, ఆగినప్పుడు. సైకిల్ ఆగుతుంది, కాలు రాదు, మనిషి నిలువునా పక్కకి ఒరుగుతుంది. రిగ్బే మొదటిసారి పడింది సరిగ్గా కాఫీ హోటల్ ముందు. బయట కుర్చీల్లో ముసలాళ్ళు, ఒకప్పుడు రేసులు తొక్కినవాళ్ళే, కప్పులు కింద పెట్టి మరీ చప్పట్లు కొట్టారు.

"ఏమ్మాయ్, సైకిల్ని పెళ్ళాడావా? విడాకులు ఇవ్వనంటోందా?"

ఆ పడటం నవ్వులాట. కొండ కింద నెఫాసిత్ ఊరికి పోయే దిగుడులో పడటం వేరు.

నిరుడు... ఇదే దారి, ఇదే పొగమంచు. మలుపులో ఒంటె. రిగ్బే బ్రేకు పట్టింది. మడమ తిప్పింది. కుడి కాలు రాలేదు. సైకిల్ వెళ్ళి రోడ్డు పక్క రాతి గోడకి గుద్దుకుని పైకి లేచింది. ముందు చక్రం గోడ అవతల గాలిలో తిరుగుతోంది, కుడి కాలు ఇంకా పెడల్‌కే అతుక్కుని ఉంది. కింద అంతా తెలుపు. లోయ ఎంత లోతో కనిపించలేదు, అదే భయం.

వెనక వస్తున్న దెహాబ్, సైకిల్ క్లబ్బులో రిగ్బేకి జత, తన సైకిల్ పారేసి వచ్చి చొక్కా పట్టుకుంది. చొక్కా చిరిగింది. పట్టు వదల్లేదు.

మోకాలి దెబ్బ మానింది. కాలు మాత్రం మాట వినడం మానేసింది. పెడల్ దాకా వస్తుంది, ఆనుతుంది, నొక్కదు.

ఒక్క కాలే పెడల్‌కి బిగించుకుని రేసు తొక్కడం ఒంటి చేత్తో చప్పట్లు కొట్టడమే. ఆ సంగతి రిగ్బేకి ఎవరూ చెప్పక్కర్లేదు. క్లబ్బు జట్టులో మిగిలింది ఒక్క చోటు. ఆ చోటుకి మిగిలింది ఇద్దరు, రిగ్బే, దెహాబ్. సైకిళ్ళు క్లబ్బువి. ఇవాళ్టి రేసులో ఇద్దరిలో వెనకబడిన పిల్ల రేపు సైకిల్ తిరిగిచ్చేసి నడుచుకుంటూ ఇంటికి పోవాలి.



క్లబ్బులో ఒక ఆచారం ఉంది. రేసు పొద్దున ఎవరి సైకిల్ వాళ్ళు చూసుకోకూడదు, జత మనిషి చూడాలి. తన బండి తప్పు తన కంటికి ఆనదంటారు. పోటీ వచ్చిందని జత మారదు. అందుకే ఇందాక, గీత దగ్గరికి రాకముందు, దెహాబ్ తెల్లటి శాలువా భుజాన వేసుకుని, రిగ్బే సైకిల్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కుడి పెడల్ వెనక చిన్న స్క్రూ. అటు తిప్పితే బిగుతు, ఇటు తిప్పితే వదులు.

ఎటు తిప్పిందో రిగ్బే చూడలేదు. ఆ పెడల్ వైపు చూడటం మానేసి చాలా కాలమైంది.

"వదులు చేశానే. మడమ కూడా తిప్పక్కర్లేదు, అనుకుంటే చాలు, ఊడొస్తుంది."

"ఒట్టు?"

"పొద్దున్నే ఒట్లేంటే. పద, పిలుస్తున్నారు."

ఈల మోగింది.

ఊరు దాటగానే రోడ్డు కిందికి జారిపోయింది. మలుపు. మళ్ళీ మలుపు. నాగజెముడు పొదలు బూడిదరంగులో వచ్చి పోతున్నాయి. గతుకుల మీద కుడి కాలు పెడల్ మీంచి ఎగిరెగిరి పడుతోంది. ముందున్న అమ్మాయిల వీపులు ఒక్కొక్కటీ మంచులో కలిసిపోయాయి.

వెనక ఒకే చక్రం... దెహాబ్.

దాటదు. దూరం జరగదు. చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, అలాగే.

గాలి తగలకుండా నా చాటున వస్తోంది, అనుకుంది రిగ్బే. నన్ను అలవనిచ్చి, తిరిగొచ్చే ఎక్కుడులో దాటేస్తుంది. చొక్కా పట్టుకున్న చేతే చోటూ పట్టుకుపోతుంది.

కోపం వచ్చింది. భయం కన్నా కోపం మేలు. కోపానికి బలముంటుంది.

అనుకుంటే చాలు, ఊడొస్తుంది...

నొక్కింది.

టక్.

సైకిల్ ఒక్కసారిగా నిలకడయింది. రెండు కాళ్ళూ ఒక చక్రమయ్యాయి. మలుపు. మళ్ళీ మలుపు. ఆ మలుపు.

ఒంటె.

అదే ఒంటె కాదు, కానీ ఒంటే. రోడ్డుకి అడ్డంగా, వీపున కట్టెల మోపుతో. తాడు పట్టుకున్నతను అరుస్తున్నాడు. రిగ్బే మడమ తిప్పబోయింది...

తొందరేముంది. అనుకుంటే వచ్చే కాలేగా.

తిప్పలేదు. కళ్ళు ఒంటె మీంచి తీసి, ఒంటెకీ గోడకీ మధ్యనున్న సందు మీద పెట్టింది. కళ్ళు పోయిన చోటికే సైకిల్ పోయింది. మోచేతికి కట్టె గీరుకుంది. ఒంటె వాసన ముక్కులోకి వచ్చింది, వెనకబడింది. వెనక చక్రం చప్పుడు ఇంకా ఉంది, అంతే దగ్గరలో.

నెఫాసిత్. వెనక్కి తిరగడం. ఎక్కుడు.

పైన బిజెన్ మఠం మబ్బులో ఉంది. ఆ కొండ మీదికి ఆడగాలి కూడా సోకకూడదట. కింద రోడ్డంతా ఆడపిల్లల ఆయాసమే. రిగ్బే లేచి నిలబడి తొక్కింది. కుడి కాలు కిందికి తోసింది, పైకి లాగింది. జారలేదు. ఒక వీపు దాటింది. ఇంకొకటి. ఇంకొకటి. ఎండిన గొంతులో ఇనుము రుచి.

ఊరు. తాటిచెట్ల వరస. హోటల్ ముందు ముసలాళ్ళు లేచి నిలబడ్డారు. పక్కకి దెహాబ్ వచ్చేసింది. భుజం పక్కన భుజం. రిగ్బే ప్రాణమంతా కుడి కాలితో పైకి లాగింది...

గీత దాటారు. ఎవరు ముందో జనానికి తెలియలేదు. ఫోటో చూడాలన్నారు.

వేగం తగ్గింది. ఎడమ మడమ తిప్పింది, వచ్చింది. కుడి కాలు ఊడిరావాలని మనసులో అనుకుంది.

రాలేదు.

మడమ తిప్పింది. రాలేదు.

మళ్ళీ తిప్పింది. మోకాలు చుర్రుమంది. రాయిలో పాతినట్టుంది. సైకిల్ ఆగుతోంది, అటు పక్కకే ఒరుగుతోంది...

వీపు మీద ఎవరో చొక్కా పట్టుకున్నారు. నిరుడు చిరిగి, కుట్టించుకున్న చోటే.

"బిగించాను," అంది దెహాబ్. ఊపిరి అందడం లేదు. "వదులైతే ఇప్పుడు, ఆఖర్న, కాలు జారిపోయేది."

"దిగుడులో పడుంటే?"

"పట్టుకునేదాన్ని."

"అందకపోతే?"

దెహాబ్ చొక్కాని ఇంకో చుట్టు పిడికిట్లోకి తీసుకుంది.

లెంపకాయ కొట్టాలనిపించింది రిగ్బేకి. మెడ కౌగిలించుకుని ఏడవాలనిపించింది. రెండిటికీ ముందు కాలు రావాలి. బల్ల దగ్గర క్లబ్బు పెద్ద ఫోటో మీదికి వంగాడు. దెహాబ్ అటు చూడటం లేదు. చొక్కా వదలకుండా, కుడి పెడల్ వైపే చూస్తోంది.

"తిప్పు. మెల్లగా."

కాఫీ వాసన. పొగమంచు మళ్ళీ రోడ్డు మీదికి పాకుతోంది. అందరూ పేరు కోసం చెవులు రిక్కించారు.

రిగ్బే ఆ చిన్న చప్పుడు కోసం ఎదురుచూస్తూ మడమ తిప్పింది.