చూడని కళ్ళెకు సంతకం

ఆసుపత్రి ల్యాబులో జీవరత్నం డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి కళ్ళెను ఫినాయిలు బకెట్లో వంచేశాడు. పదహారూ పత్తిమిల్లు కూలీలవి. ఒక్కదాన్నీ స్లయిడు మీద పులమలేదు, మైక్రోస్కోపు కింద పెట్టలేదు. పదహారు కాగితాల మీదా ‘టీబీ లేదు’ అని రాసి, తోటి టెక్నీషియను సనోబర్ ముందుకు తోశాడు. ఆమె సంతకం పెట్టింది. రెండేళ్ళుగా పెడుతూనే ఉంది.

పెట్టక ఏం చేస్తుంది? సూర్యారావుపేటలోని ఆ ఆసుపత్రిలో చేరిన రోజే, ఓనరు రామకోటేశ్వరరావు ల్యాబువాళ్ళ అసలు సర్టిఫికెట్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. మిల్లు ఆయన బావమరిదిది. జబ్బని తేలితే కూలీకి సెలవివ్వాలి, మందులిప్పించాలి. అందుకే తేలకూడదు. మానేద్దామంటే సర్టిఫికెట్లు రావు, ఉందామంటే మనసు ఒప్పదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అంతలో గుణదల నుంచి మిల్లు కూలీ శౌరమ్మ నాలుగోసారి వచ్చింది. కిటికీలోంచి డబ్బాతో పాటు కొంగు కూడా చూపించింది.

“మూడుసార్లు ఏమీ లేదని రాసిచ్చారు గదమ్మా. మరి ఈ నెత్తురెక్కడిది?”

సనోబర్‌కు తల కొట్టేసినట్టయింది. డబ్బా అందుకుంది. స్లయిడు మీద పులిమి, ఎర్రరంగు పోసి కాచి, కడిగి, నీలంరంగు వేసి చూసింది. నీలం మీద సన్నటి ఎర్రపుల్లలు, ఎక్కడ చూసినా అవే.

“వద్దండీ, మన బతుకులు బీరువాలో ఉన్నాయి,” అన్నాడు జీవరత్నం.

“వాళ్ళ బతుకులు బకెట్లో పోస్తున్నాం గదండీ!”

తలుపు బార్లా తీసి, కాగితాల కోసం బయట కాచుకున్న కూలీలందరినీ లోపలికి పిలిచింది. వరసగా వచ్చి మైక్రోస్కోపులో చూశారు.

“ఆ ఎర్రవే టీబీ. మీవి చూడకుండానే లేదని రాశాను. తప్పు నాది.”

“చంపుకు తిన్నావు గదే!” ఎవరో మీదికొచ్చారు.

కిటికీ దగ్గర వాళ్ళ మాటలు విన్న శౌరమ్మ అడ్డం నిలబడింది. “పిల్లని తిడితే ఏమొస్తది? ఆ బీరువా తాళాలు ఎవడి దగ్గరున్నాయో వాణ్ణడగండి.”

గొడవ సంగతి తెలిసి రామకోటేశ్వరరావు పోలీసులతో దిగాడు. “సంతకాలు పెడతారా, సర్టిఫికెట్లు తగలెయ్యమంటారా?”

జీవరత్నం బకెట్టు ఎత్తుకెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు.

“తగలెయ్యండి. చూడనిదానికి ఇక సంతకం లేదు.”

జనాన్ని రెచ్చగొట్టిందని సనోబర్‌ను వ్యానెక్కించారు. షిఫ్టు వేళ దాటింది. మిల్లుకు ఒక్కరూ కదల్లేదు. వ్యాను జాలీలోంచి చూస్తే, ల్యాబులో జీవరత్నం దీపం వెలిగించి స్లయిడు కాస్తున్నాడు. కిటికీ నుంచి రోడ్డు దాకా వరస, చేతుల్లో డబ్బాలు. శౌరమ్మ దగ్గుకుంటూనే అరుస్తోంది:

“చూసి రాయి నాయనా! అందరివీ చూసి రాయి!”