లెక్కలోకి రానివాడు

బడి బేస్‌బాల్ జట్టులో ఆడే చిజురు కొడుకు తత్సుకికి ఆ వేసవిలో బ్యాటింగ్ సగటు లేదు. సున్నా అని కాదు, అసలు లేదు. వాడు బ్యాట్ పట్టుకున్న ప్రతిసారీ కోచ్ మురై గారు బంట్ సైగ చేసేవారు. వాడు బంతిని బ్యాట్‌కి మెల్లగా తాకించి, తాను ఔటై, ముందే బేస్ మీదున్న తోటివాణ్ణి పరుగుకి ఒక మెట్టు దగ్గరగా, తర్వాతి బేస్‌కి జరిపేవాడు. అలాంటి త్యాగాన్ని సగటులో లెక్కకట్టరు. స్కోరుబోర్డు మీద అందరి పేర్ల పక్కనా అంకెలుంటే, వీడి పక్కన చిన్న గీత.

"మా దగ్గర ఎవరి లెక్కలు వాళ్ళకుండవమ్మా. జట్టు ఒక్కటే," అనేవారు మురై గారు. ఆయన గెలిచిన కప్పులకు మాత్రం బడి వరండాలో పేరుతో సహా అద్దాల బీరువా ఉంది.

మొదట జట్టు ఫొటోలో తత్సుకి ముఖం మసకగా పడింది. కదిలి ఉంటాడులే అనుకుంది చిజురు. తర్వాత ఒకనాడు భోజనాల దగ్గర తనకీ, భర్తకీ మాత్రమే అన్నం వడ్డించింది. ఎదురుగా వాడు మర్యాదగా ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"ఎవరో వచ్చినట్టున్నారే, చూడు," అన్నాడు భర్త పేపర్లోంచి తలెత్తి.

ఆయన ఇంట్లో దేన్నీ గమనించే మనిషి కాదు గనక, ఆమెకు భయం వేయడానికి రెండ్రోజులు పట్టింది.

ఓడితే ఇంటికే అన్న మ్యాచ్‌లో ఆఖరి ఇన్నింగ్స్. ఒక్క పరుగు వెనక. మొదటి బేస్‌లో తత్సుకి జట్టువాడొకడున్నాడు. "తర్వాత బ్యాటింగ్..." అని మైకులో గొంతు ఆగిపోయింది. బోర్డు మీద పేరుండాల్సిన చోట కూడా గీతే. తత్సుకి వచ్చి నిలబడినా, బంతి వేసేవాడు 'ఎవరూ రారా?' అన్నట్టు అంపైర్ వంక చూశాడు.

మురై గారు టోపీ అంచు తాకారు. బంట్.

ఈ ఒక్కటీ అయితే వాడిక మిగలడని చిజురుకు తెలిసిపోయింది. లేచి పిలవబోయింది. పేరు నోటికి రాలేదు.

"ఒరేయ్ నాన్నా! కొట్టరా! గట్టిగా ఊపరా!"

"ఏమిటండీ అది? కోచ్ గారు బంట్ చెప్పారుగా!" అంది పక్కనున్న హిసానో, జట్టులో ఇంకో కుర్రాడి తల్లి.

వాడు తల్లి వైపు చూసి బ్యాట్ పైకెత్తాడు. మూడుసార్లు ఊపాడు. మూడూ గాల్లోకే. ఔట్, ఈసారి లెక్కలోకి వచ్చే ఔట్.

బోర్డు మినుకుమంది. తత్సుకి, సున్నా.

"తత్సుకీ! బుద్ధుందిరా నీకు?" మురై గారి అరుపు మైదానమంతా వినిపించింది.

"మీవాడికేం పుట్టిందండీ!" హిసానో మండిపడింది.

"మావాడే," అంది చిజురు కళ్ళు తుడుచుకుంటూ. "మావాడేనండీ."

తర్వాత ఈ ఏడే చేరిన బక్క పిల్లాడొకడు వచ్చాడు. వాడి పక్కనా గీతే. బంతిని ముద్దుగా తాకించి, ముందువాణ్ణి జరిపి, ఔటయ్యాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చిజురు కూడా.

"బాగా ఆడాడు. ఎవరబ్బాయి?" అని అడిగింది.

రెండు వరసల కింద ఒకావిడ గబుక్కున లేచింది. చెప్పడానికి నోరు తెరిచి, అలాగే అటూ ఇటూ చూస్తూ నిలబడిపోయింది.