రిమ్మూ ది బోర్డు

కున్నూరులో దొరల క్లబ్బు మీదికి పోరాటానికి పోవాలని మిల్లు కార్మికుల సంగంలో తీర్మానించిన రోజు, సెల్లమ్మాళ్‌ను తీసుకుపొమ్మని అందరికంటే ముందు చెప్పింది ఆమెకు పడనివాళ్లే. మిల్లులో నూలు చుట్టే రీలింగ్ ఖాతాలో అన్ని మిషన్లూ ఒక్కసారి తిరుగుతున్నా ఆమె గొంతు గేటు దాకా వినబడేది. ఒక్కరోజైనా చెవులకు విశ్రాంతి దొరుకుతుందని మేస్త్రీ ఆశపడ్డాడు. ఇంట్లో మొగుడు ముని కూడా ఆ ఆశతోనే, "పొయ్యిరా, పొయ్యిరా, దేశం కోసం కదా," అని ఎన్నడూ లేని ఉత్సాహంతో సాగనంపాడు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. కున్నూరు క్లబ్బు గేటుకు 'యూరోపియన్లకు మాత్రమే' అని ఇంగ్లీషులో బోర్డు ఉండేది. టీ తోట కూలీల తరఫున మాట్లాడడానికి పోయిన కూలీల పెద్ద అయిన ఒక కంగాణి తెలియక ఆ క్లబ్బు వరండా ఎక్కాడు. ఒక దొర వాణ్ణి బూటు కాలితో తన్ని మెట్ల కిందికి దొర్లించాడు. తోటల సంగం కొండ కింది ఊళ్లకు కబురు పెట్టింది. కోయంబత్తూరు నుంచి పదిమంది దాకా బయల్దేరారు.

వాళ్లకు నాయకుడు రత్నసభాపతి. పీళమేడు పక్క పత్తి భూములున్న నాయుళ్ల ఇంటి అబ్బాయి, వకీలు చదువు సగంలో వదిలేసి సంగంలో చేరినవాడు. వేదిక ఎక్కితే తమిళం ఏరులా పారేది. కోపం వస్తే మాత్రం ఇంటి తెలుగు బయటపడేది. ఊరికి అవతల అంటరానివాళ్లుండే సెల్లమ్మాళ్ చేరిలోనూ ఇళ్లల్లో తెలుగే. కానీ వాళ్ల తెలుగు వింటే నాయుళ్లు నవ్వేవాళ్లు, నాయుళ్ల తెలుగు వింటే చేరి నవ్వేది. రెండు నవ్వులూ ఒకరికొకరికి వినబడనంత దూరంలో ఉండేవి.

రైలెక్కగానే సెల్లమ్మాళ్, ఆమె వదినె తంగమ్మాళ్ అలవాటు కొద్దీ బోగీ నేల మీద కూర్చున్నారు. రత్నసభాపతి లేచి వచ్చాడు.

"ఏం సెల్లమ్మా, కింద కూర్చుంటే ఎట్ల? మనమంతా తోళర్లు, ఒకరికొకరు సమానం. మీద కూర్చోండి."

"సెరి, తోళరు సామీ," అంది సెల్లమ్మాళ్.

"సామి వద్దు. తోళర్ అంటే చాలు."

"సెరి సామీ."

అతను నెత్తి కొట్టుకున్నాడు. ఆమె కిటికీ పక్క కూర్చుంది. బల్ల నున్నగా ఉంది, గాలి బాగుంది. సామి మంచోడే అనుకుంది.

పోరాటంలో అరవాల్సిన మాట ఇంగ్లీషులో ఉండాలని, అప్పుడే దొరలకు అర్థమవుతుందని కాలేజీ చదివే గోపాలకృష్ణన్ పట్టుబట్టాడు. 'రిమూవ్ ది బోర్డు' అని అందరికీ నేర్పాడు. పత్తి దులిపే బ్లో రూములో పనిచేసే ఆరోగ్యసామికి ఏ మాట వచ్చినా చర్చి పాట బాణీలోనే వస్తుంది. అతను దాన్ని సాగదీసి సాగదీసి, చివర ఆమెన్ కూడా తగిలించాడు. సెల్లమ్మాళ్ నోట్లో అది 'రిమ్మూ ది బోర్డు' అయింది.

"రిమ్మూ కాదక్కా, రిమూవ్," అన్నాడు గోపాలకృష్ణన్.

"అదేదా నేను చెప్పేది. రిమ్మూ!"

ఆ కేకకు పై బల్ల మీద నిద్రపోతున్న మిలిటరీవాడు లేచి తల బోగీ కప్పుకు కొట్టుకున్నాడు. గోపాలకృష్ణన్ ఇక దిద్దలేదు.

మేట్టుపాళయంలో దిగి కొండ రైలు పట్టుకోవాలి. అది కదలడానికి కొంచెం వ్యవధి ఉంది. అందరికీ ఆకలి. స్టేషను ఎదుట, వక్కల మండీని ఆనుకుని ఒక టీ అంగడి. నడిపేవాడు చెన్నకేశవన్. రత్నసభాపతి గోపాలకృష్ణన్‌తో తెలుగులో ఏదో అనడం విని అతని మొహం వెలిగిపోయింది.

"మనోళ్లా? రాండి రాండి, ఇట్ల కూర్చోండి," అని భుజం మీది గుడ్డతో బెంచీ తుడిచాడు. రత్నసభాపతి, గోపాలకృష్ణన్, ఇంకో ఇద్దరు కూర్చున్నారు. ఇత్తడి టంబ్లర్లలో టీ వచ్చింది. వెనక వస్తున్న సెల్లమ్మాళ్ వాళ్లను చెన్నకేశవన్ కిందనించి మీదిదాకా చూశాడు. చేరి ఏదో, వీధి ఏదో అడగకుండానే కనిపెట్టే కళ్లు కొందరికి ఉంటాయి.

"మీరు వెనక్కి పోండి. కంచెకి చిప్పలుండాయి, కడుక్కుని పట్టుకోండి, పోస్తాను."

పెరటి కంచెకు నిజంగానే కొబ్బరి చిప్పలు వరసగా తగిలించి ఉన్నాయి. ఒకదాంట్లో చీమలు కాపురం పెట్టాయి.

ఆరోగ్యసామి ముందుకొచ్చి ఛాతీ మీది సిలువ చూపించాడు. "అణ్ణా, నేను ఏసు వేదంలో ఉండేవాణ్ణి. జ్ఞానస్నానం అయినోణ్ణి."

"ఏసు సామికి వేరే చిప్ప పెట్టలేదు. అదేదా," అన్నాడు చెన్నకేశవన్ ఏ కోపమూ లేకుండా.

సెల్లమ్మాళ్ రత్నసభాపతి వైపు చూసింది. అతను అప్పటికే ఒక గుటక తాగాడు. టంబ్లరు పెదాలకూ బెంచీకీ మధ్య ఆగిపోయింది. లేచి బయటికి వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"చూడు సెల్లమ్మా. ఇది తప్పే. నేను కాదనలే. అయితే ఈ దినం మన గురి తెల్లోడు. రైలుకు టైమాయ. ఈ ఒక్క పూట సమాళించుకోండి."

"సామీ, ఆ తోట కంగాణిని దొర ఏంటికి తన్నె?"

"వరండా ఎక్కినాడని."

"నేను ఈ బెంచీ ఎక్కితే?"

అతను స్టేషను వైపు చూశాడు. జవాబు తమిళంలో ఉండి ఉంటుంది, కానీ అడిగింది తెలుగులో.

 సెల్లమ్మాళ్ ధైర్యవంతురాలని అందరూ అనుకునేవారు గానీ, అరవడం వేరు, పోయి కూర్చోవడం వేరు. ఇరవై ఏళ్ల కిందట ఇలాంటి ఒక అంగడి గడప తొక్కినందుకే వాళ్ల నాన్నను గుంజకు కట్టేశారు. అది గుర్తుకు రాకముందే కూర్చోవాలని గబగబా లోపలికి నడిచి, రత్నసభాపతి లేచిన చోటే కూర్చుంది. పక్కన తంగమ్మాళ్ కూడా కూర్చుంది, కళ్లు గట్టిగా మూసుకుని.

 చెన్నకేశవన్ నోట వచ్చినవన్నీ రాయదగ్గ మాటలు కావు. టంబ్లర్లు కడిగే తొట్టిలోని నీళ్లు చెంబుతో తీసి ఆమె మొహాన కొట్టాడు. నీళ్లలో టీ పిప్పి ఉంది. సెల్లమ్మాళ్ మొహం తుడుచుకుని, నేర్చుకున్న ఒక్క ఇంగ్లీషు మాటను బయటికి తీసింది.

"రిమ్మూ ది చిప్ప!"

వక్కల మండీ కూలీలు బస్తాలు దించి చూశారు. ఎదుట లారీల్లోంచి ఉర్లగడ్డలు దించుతున్నవాళ్లు వచ్చారు. స్టేషనులో కొండ రైలు కూత వేసింది.

"తోళర్, రైలు! రైలు!" అని గోపాలకృష్ణన్ గంతులేశాడు. జెండాలు తీసుకుని పరిగెత్తాడు. అతని వెనక మరికొందరు పరిగెత్తారు. రత్నసభాపతి రైలు వైపు రెండడుగులు వేశాడు. కొండ మీద అతను మాట్లాడవలసిన వేదిక ఉంది. తోటల జనం వేలల్లో వస్తారని చెప్పారు. వారం రోజులుగా అద్దం ముందు చేయి ఎప్పుడు ఎత్తాలో కూడా చూసుకున్నాడు. ఇంకోసారి కూత వేసింది. అతను ఆగి వెనక్కి చూశాడు. బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు తడిసి, ఒకరు కళ్లు మూసుకుని.

తిరిగి వచ్చి వాళ్ల పక్కన కూలబడ్డాడు. సగం తాగిన తన టంబ్లరు సెల్లమ్మాళ్ ముందు పెట్టాడు.

"తాగు."

ఆమె దాన్ని చూసింది. "నీ ఎంగిలి నాకేంటికి తోళరూ? కొత్తది పొయ్యమను."

సామి అనడం మరిచిపోయిందని ఆమెకు తెలియలేదు. అతనికి తెలిసింది. ముందు చురుక్కుమంది, తర్వాత నవ్వొచ్చింది.

"ఏమయ్యా, కొత్త టీ పొయ్యి," అన్నాడు చెన్నకేశవన్‌తో.

"నీవు మనోడివేనా?" అని చెన్నకేశవన్ నోరు తెరిచాడు. "నేను పొయ్యను. అంగడి మీరే ఏలుకోండి!" అని గుడ్డ విసిరికొట్టి, పెద్దమనుషుల్ని పిలుచుకు రావడానికి వెళ్లిపోయాడు. కోపంలో పొయ్యి ఆర్పడం మరిచాడు. పాలు పొంగబోతున్నాయి. ఆరోగ్యసామి నిదానంగా వెళ్లి పాలు దించాడు.

"పాలు ఏం పాపం చేసె?" అని తనే టీ కాచాడు. ముగ్గురికీ టంబ్లర్లలో పోసి తనూ తీసుకున్నాడు. జీవితంలో అంత చెడ్డ టీ సెల్లమ్మాళ్ తాగలేదు. చెరుకు రసంలో వేపాకు వేసినట్టుంది. అయినా చివరి చుక్క దాకా తాగింది. లారీలవాళ్లలో ఒకడు తొంగి చూసి, "నాకూ ఒకటి పొయ్యి అణ్ణా," అన్నాడు. వాడూ కంచె దగ్గర చిప్ప పట్టుకునేవాడే. ఎవరూ చెప్పకుండానే లోపలికొచ్చి కూర్చున్నాడు. టీకి రావలసిన డబ్బు గల్లా మీద పెట్టి, పెద్దమనుషులు వచ్చేలోగా నలుగురూ అదే మనిషి లారీ ఎక్కారు.

మంచోళ్లని దొంగల్లా తీసుకుపోతున్నానని లారీవాడు దారంతా పకపకా నవ్వాడు. ఖాళీ గోనెసంచుల మీద కూర్చుని కొండ ఎక్కుతుంటే, మలుపు మలుపుకీ తంగమ్మాళ్ వాంతి చేసుకుంది. రత్నసభాపతి ఆమె తల పట్టుకున్నాడు. అద్దం ముందు సాధన చేయని పని అది.

వాళ్లు చేరేసరికి కున్నూరులో పోరాటం అయిపోయింది. ఊరేగింపు గేటు దగ్గరికి రాకముందే పోలీసులు లాఠీలతో చెదరగొట్టారు. గోపాలకృష్ణన్ చొక్కా చిరిగి, కల్వర్టు మీద కూర్చుని ఉన్నాడు. బోర్డు మాత్రం కొత్తగా రంగు వేసినట్టు మెరుస్తూ ఉంది. గేటు దగ్గర పోలీసులు నలుగురు బీడీలు కాలుస్తున్నారు.

"మనం పోయి అడుగుదాం," అని రత్నసభాపతి చొక్కా దులుపుకుని నడిచాడు. ఒక పోలీసు జవాను లాఠీ అడ్డం పెట్టాడు. అతని వెనకే వచ్చిన సెల్లమ్మాళ్‌నూ తంగమ్మాళ్‌నూ చూసి మాత్రం విసుగ్గా చెయ్యి ఊపాడు.

"పిన్నాడి పో, వెనక్కి. ఇంతసేపా రావడానికి? కక్కూసులు కంపు కొడతాండాయి."

సెల్లమ్మాళ్‌కు ఒళ్లు మండింది. తిట్టబోయింది. సగం తిట్టు నోట్లోకి వచ్చాక తమను కక్కూసులు కడిగేవాళ్లనుకుని లోపలికి దారి చూపిస్తున్నాడని తలకెక్కింది. రత్నసభాపతి వైపు చూసింది. అతనూ గ్రహించి కళ్లు పెద్దవి చేశాడు.

"సెరి సామీ," అంది జవానుతో, ఎంతో వినయంగా. వదినె చెయ్యి పట్టుకుని క్లబ్బు వెనక్కి నడిచింది.

వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. వంటవాడు తల కూడా ఎత్తలేదు. ఏ బోర్డూ ఆ తలుపుకు లేదు. చేతికందిన చీపురు ఒకటి భుజాన వేసుకుని, పెద్ద హాలులోంచి, గోడ మీది అడవిదున్న తలకాయ కిందుగా, ముందు వరండాలోకి వచ్చారు. వరసగా బెత్తం కుర్చీలు. ఒక దాంట్లో ముసలి దొర పేపరు మొహాన కప్పుకుని గురక పెడుతున్నాడు. మిగతా దొరలు గలాటా అయిపోయిందని పేకాటకు పోయారు.

సెల్లమ్మాళ్ చీపురు పక్కన పెట్టి, ఆ దొర పక్క కుర్చీలో కూర్చుంది. ఊపిరి పీల్చుకుంది.

"రిమ్మూ ది బోర్డూ!"

రీలింగ్ మిషన్లను దాటి వెళ్లే ఆ గొంతుకు కొండగాలి ఒక లెక్కా? గేటు దగ్గర జవాను బీడీ జారిపడింది. ముసలి దొర కుర్చీతో సహా వెనక్కి పడి, కాళ్లు పైకెత్తి, ఇంగ్లీషులో ఏదో అరిచాడు.

"ఏమంటాడు?" అంది తంగమ్మాళ్.

"నాకేం తెలుసు? నిదర చెడిపోయనని గావల."

అవతల కల్వర్టు మీంచి గోపాలకృష్ణన్, చెట్ల వెనక దాక్కున్న తోట కూలీలు, ఒక్కొక్కరే లేచి గేటు మీదికి వచ్చారు. పోలీసులు లోపలికి పరిగెత్తాలా, గేటు కాపాడాలా తేల్చుకోలేక అటూ ఇటూ అయ్యారు. ఆ సందులో కూలీలు బోర్డు ఊడబెరికారు.

సాయంత్రం దాకా అందరినీ పోలీసు స్టేషనులో కూర్చోబెట్టారు. ఆడమనిషి కుర్చీలో కూర్చుందని ఏ సెక్షను కింద కేసు రాయాలో ఇన్స్పెక్టరుకు దొరకలేదు. చలికి పళ్లు టకటకలాడుతుంటే ఆరోగ్యసామి పాట ఎత్తుకున్నాడు. అది భరించలేక హెచ్చరించి వదిలేశారు. నెల తిరక్కుండా క్లబ్బువాళ్లు కొత్త బోర్డు పెట్టారు. అది మరుసటి సంవత్సరం దాకా ఉండింది.

మరుసటి వారం సంగంలో కూటం జరిగింది. రత్నసభాపతి వేదిక ఎక్కి కున్నూరు కథ చెప్పాడు. తమిళం ఏరులా పారింది. "మనం గేటు దాటి లోపలికి చొరబడినప్పుడు..." అని చెయ్యి ఎత్తాడు.

"అబద్ధం!" అంది వెనక నుంచి సెల్లమ్మాళ్. "నువ్వు గేటు కాడ నిలబడుంటివి!"

కూటమంతా గొల్లున నవ్వింది. మేస్త్రీ కూడా నవ్వాడు. రత్నసభాపతి చెవులు ఎర్రబడ్డాయి. ఎత్తిన చెయ్యి దించి, తమిళం వదిలేసి తెలుగులో మొదటినుంచి చెప్పసాగాడు. రైలు చెప్పాడు, కంచె మీది చిప్పలు చెప్పాడు. తను ముందే టీ తాగిన సంగతి, సమాళించుకోమని తను అన్న మాట చెప్పే చోటికి వచ్చేసరికి అతని గొంతు దిగిపోయింది.

"గట్టిగా చెప్పు తోళరూ," అంది సెల్లమ్మాళ్. "ఈడికి ఇనపడలే."