ఆధారపడినవారి గడి

మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి చేరి ఏడాది తిరిగేసరికి ఆ అమ్మాయి జీతంలోంచి పన్ను కోత పడే స్థాయికి ఎదిగిపోయింది. పన్ను రిటర్ను వేయడం మాత్రం ఇదే మొదలు. ఆదివారం పొద్దున్నే వంటింటి బల్ల తుడిచి, ఫారం పరిచి, తప్పు పోతుందేమోనన్న భయంతో సొంత పేరు రాయడానికే పావుగంట తీసుకుంది.

ఎదురుగా మేనత్త కూర్చుంది. తల్లీతండ్రీ పోయిన ఈ పిల్లను నాలుగేళ్లప్పుడు తెచ్చుకుని, ఆస్పత్రి బట్టలు ఇస్త్రీ చేసి పెంచింది ఆవిడే. చూపు మందగించి మొన్నీమధ్యే పని మానేసింది. ఒక కంటికి శుక్లం తీయించారు, రెండోది ఇంకా మసకే. కోసుకున్న పన్ను వాపసొస్తేనే రెండో ఆపరేషన్. అది రావాలంటే మొదటి ఆపరేషన్ ఖర్చు చూపించాలి. అందుకు "ఆధారపడినవారు" అన్న గడిలో అత్త పేరు రాసి, అత్త చేత సంతకం పెట్టించాలి.

అక్కడే బండి ఆగింది.

"నేనెవరి మీదా ఆధారపడలేదు," అంది అత్త. "ముప్పై ఏళ్లు నా రెక్కల కష్టం మీద బతికాను. ఇప్పుడు నన్ను బరువని రాసిస్తావా?"

"బరువని కాదత్తా. ఆ గడి పేరే అంత."

"అయితే వదిలెయ్. నీ మొహం చూడ్డానికి ఒక కన్ను చాల్లే."

అత్త పట్టిన పట్టు వదిలే రకం కాదు. పైగా, మిగతా గడులు ఎలా నింపాలో చూసి నేర్చుకోమని బీరువా అడుగునుంచి తన పాత రిటర్నుల కట్ట తెచ్చి ముందు పడేసింది.

అమ్మాయి అన్నిటికన్నా పాత కాగితం తీసి చూసింది. ఆధారపడినవారి గడిలో తన పేరే ఉంది. సంబంధం అన్నచోట అత్త గుండ్రటి చేతిరాతలో "కూతురు" అని ఉంది. పన్ను గుమాస్తా దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, "మేనకోడలు" అని దిద్ది తిప్పి పంపాడు. మరుసటేడూ అత్త "కూతురు" అనే రాసింది, ఆయన మళ్లీ కొట్టేశాడు. ఇలా పదకొండేళ్లు. ఆ తర్వాత విసుగొచ్చిందో, రిటైరే అయ్యాడో, దిద్దడం మానేశాడు.

"ఇదేంటత్తా?"

"ఏముంది, దిద్దినప్పుడల్లా వాపసు రెండు నెలలు ఆలస్యమయ్యేది," అంది అత్త, బస్సు ఆలస్యమైనంత మామూలుగా.

ఆ రెండు నెలలూ ఇల్లెలా నెట్టుకొచ్చేదో అనుకుంటూ అమ్మాయి ఎర్ర గీతలు మళ్లీ లెక్కపెట్టింది. ఈవిడకి తను ఎంత రుణపడి ఉందో ఏ ఫారంలోనూ పట్టదనిపించింది.

"మరి నన్ను రాసినప్పుడు బరువనుకునే రాశావా?"

"ఛ, బరువేంటే. నా మనిషివని రాశాను."

"నేనూ అందుకే రాస్తున్నాను."

అత్త కుర్చీ దగ్గరికి జరుపుకుని పెన్ను అందుకుంది.

"సంబంధం దగ్గర ఏం రాశావు?"

"ఇంకా రాయలేదు. అమ్మ అని రాద్దామని."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఎర్ర సిరా పడిందంటే రెండు నెలలు. బుద్ధిగా మేనత్త అని రాయి, నాకు కన్ను కావాలి."

అమ్మాయి మేనత్త అనే రాసింది. సంతకం చోటు కనిపించక అత్త తడుముకుంటుంటే, ఆ చెయ్యి పట్టుకుని గీత మీద పెట్టింది. సంతకం అయ్యాక కూడా వదల్లేదు.