అందరికీ తొంభై ఏడే

ఆ సూపర్ మార్కెట్ గుమ్మం దగ్గర నిలబడే సెక్యూరిటీ ఆవిడ అన్నేళ్ళుగా అక్కడ ఉందన్న సంగతే చాలామందికి తెలీదు. సంచి ఆవిడ చేతిలో పడేసి టోకెన్ లాక్కునేవాళ్ళు, వెళ్ళేటప్పుడు టోకెన్ పడేసి సంచి లాక్కునేవాళ్ళు. ఊరి మీదికి ఆ అంటుజబ్బు వచ్చి, జ్వరం చూసే గన్ను ఆవిడ చేతికి వచ్చాక మాత్రం రాత్రికి రాత్రి గన్నక్క అయిపోయింది.

నుదురు చూపించకుండా లోపలికి అడుగు పెట్టడానికి లేదు. కారు దిగిన పెద్దమనిషైనా సరే టోపీ తీసి, తల కాస్త వంచి, ఆవిడ ముందు బుద్ధిగా నిలబడాల్సిందే. గన్నక్క నొక్కేది. టిక్కుమనేది. పచ్చ లైటు వెలిగేది. "నార్మల్, వెళ్ళండి" అనేది. ఆ మాట అనడం ఆవిడకి ఎంత ఇష్టమో! ఎందుకుండదు మరి? ఆవిడ మాట కోసం జనం ఎదురుచూడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

కేసులు పెరిగాయని టీవీలో చెప్పినప్పుడల్లా జనం వచ్చి షాపు మీద పడేవారు. ఇంట్లో కూర్చోండని టీవీ మొత్తుకునేది, ఇంట్లో కూర్చోవడానికి కావలసిన సరుకుల కోసం వీళ్ళంతా ఒకరి మీద ఒకరు పడేవారు. ఒకాయన మాస్కు మీద మాస్కు, దాని మీద ప్లాస్టిక్ అద్దం తగిలించుకుని చంద్రమండలానికి బయల్దేరినట్టు వచ్చేవాడు. తీరా కూరగాయల దగ్గర కవరు విడిపోకపోతే అద్దం పైకెత్తి, మాస్కులు కిందికి లాగి, వేలు నాలుక మీద తడుపుకునేవాడు. ఇంకొకాయన జబ్బూ లేదు గిబ్బూ లేదు, అంతా కంపెనీల నాటకం అని లైన్లో ఉపన్యాసం దంచేవాడు. ఆయన తోసుకొచ్చే సరుకుల బండి నిండా సబ్బులే. ఒకావిడ ఉప్పు ప్యాకెట్లు చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పోయేది. ఉప్పుకీ జబ్బుకీ ఏం సంబంధమో ఆవిడకే తెలియాలి.

అలాంటి తోపులాటలోనే ఒకరోజు ఎవరిదో సరుకుల బండి వచ్చి గన్నక్క మోచేతికి కొట్టుకుంది. గన్ను ఎగిరి నాపరాళ్ళ మీద పడింది. పగల్లేదు. నొక్కితే టిక్కుమంది, పచ్చ లైటూ వెలిగింది. తొంభై ఏడు చూపించింది. తర్వాతి మనిషికీ తొంభై ఏడే, ఆ తర్వాత మనిషికీ తొంభై ఏడే. మధ్యాహ్నానికి గన్నక్కకి అనుమానం వచ్చి, చేతిలో ఉన్న వేడి టీ గ్లాసుకి పెట్టి చూసింది. తొంభై ఏడు. ఐస్‌క్రీం పెట్టెకి పెట్టింది. తొంభై ఏడు. గోడకి పెట్టింది. గోడా ఆరోగ్యంగానే ఉంది.

తిన్నగా మేనేజర్ గదికి వెళ్ళింది.

"సార్, ఇది పాడైంది. గోడకి పెట్టినా తొంభై ఏడే చూపిస్తోంది."

"మంచిదే కదమ్మా, గోడకి జ్వరం లేదన్నమాట."

"నవ్వులాట కాదు సార్. జ్వరమున్నవాళ్ళు కూడా లోపలికి పోతున్నారు."

మేనేజర్ చెడ్డవాడేం కాదు. ఈ మాటకి నవ్వు ఆపేసి, కళ్ళజోడు తీసి, కళ్ళు నులుముకున్నాడు. "కొత్తది ఎక్కడా దొరకట్లేదు. నేను అడగని షాపు లేదు. గన్ను లేదని తెలిస్తే ఆఫీసర్లు వచ్చి షట్టర్ దించేస్తారు. ఇంతమందిమి ఇంట్లో కూర్చుని ఏం తింటాం చెప్పు? దొరికేదాకా దీన్నే నొక్కుతూ ఉండు. జనానికి కావలసింది ఆ టిక్కుమనే చప్పుడే. అది వినపడితే వాళ్ళకి ధైర్యం."

"మరి నిజంగా జ్వరంతో ఎవరైనా వస్తే?"

"ముఖం చూస్తే తెలీదా నీకు? అలాంటివాళ్ళని ఏదో చెప్పి పంపించెయ్. ఈ సంగతి మాత్రం మన ఇద్దరి మధ్యే ఉండనీ."

ముఖంలో సగం మాస్కు కిందే ఉంటుంది కదా, ఏం చూడాలి అనుకుంది గన్నక్క. అనుకుంది కానీ అనలేదు. ఆవిడ ఇంట్లోనూ పొయ్యి వెలగాలి.

మొదట్లో నొక్కిన ప్రతిసారీ మనసు పీకేది. తర్వాత ఒక చిన్న సంగతి జరిగి ఆ పీకుడు కాస్త తగ్గింది. బయట లైన్లో ఒక బక్కపల్చని మనిషి దగ్గాడు. అంతే, సున్నంతో గీసిన గుండ్రాల్లో బుద్ధిగా నిలబడ్డ జనం నిప్పు తొక్కినట్టు చెల్లాచెదరయ్యారు. "బయటికి పంపండి వాణ్ణి!" అని ఒకరు, "ఇంట్లో చావకుండా ఇక్కడికెందుకొచ్చాడు!" అని ఇంకొకరు. ఉప్పు ఆవిడైతే చేతిలోని సంచి విసరబోయింది. పొలమారింది బాబూ అని ఆయన మొత్తుకుంటున్నా వినే నాథుడు లేడు. గన్నక్క వెళ్ళి ఆయన నుదుటికి గన్ను పెట్టి, అందరికీ వినపడేలా "నార్మల్!" అని అరిచింది. ఆ ఒక్క మాటకి జనం చల్లబడ్డారు. ఎవరి గుండ్రంలోకి వాళ్ళు వచ్చేశారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాడైన గన్నే లేకపోతే ఆ పూట ఆయన్ని తన్నేవారేమో. చూశావా, దీనివల్ల మంచి కూడా జరుగుతోంది అని గన్నక్క తనకి తనే సర్దిచెప్పుకుంది.

ఇక పిచ్చుక సంగతి. బిల్లింగ్ కౌంటర్లో పనిచేసే పిల్లని షాపులో అందరూ అలాగే పిలిచేవారు. చేతులెంత చురుకో నోరు అంతకు రెట్టింపు. తండ్రి, అన్నా వదినలతో కలిసి ఉండేది. తండ్రి జీవితమంతా గోడలకి రంగులు వేసి వేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రోజూ పొద్దున్నే పిచ్చుక వచ్చి నుదురు ముందుకి పెట్టి, "అక్కా, కాల్చెయ్!" అనేది. గన్నక్క టిక్కుమనిపించేది. ఇద్దరూ నవ్వుకునేవారు.

ఆ రోజు పిచ్చుక ఆ మాట అనలేదు.

"అక్కా, రాత్రి నుంచి ఒళ్ళు ఒకలా ఉంది. వదిన చెయ్యి పెట్టి చూసి కాలిపోతోందంది. కాస్త సరిగ్గా చూడక్కా. జ్వరముంటే ఇంటికి కూడా పోను, మా స్నేహితురాలి మేడ మీద గది ఖాళీగానే ఉంది, అక్కడ పడుంటాను. నాన్న సంగతి తెలుసుగా నీకు."

గన్నక్క చుట్టూ చూసింది. పిచ్చుక వెనకాల స్టాఫ్ నలుగురు నిలబడి ఉన్నారు. అద్దం తలుపుకి అటు పక్క మేనేజర్ ఉన్నాడు. పక్కకి పిలిచి, ఇది పనిచెయ్యదే తల్లీ, నువ్వు ఆ గదికే పో అని చెవిలో ఒక్క మాట చెబితే అయిపోయేది. ఏం పోయేది? ఉద్యోగం పోతే పోయేది. ఆ క్షణంలో ఆవిడకి ఉద్యోగమే కనిపించింది, పిచ్చుక తండ్రి కనిపించలేదు. నొక్కింది. టిక్కుమంది.

"నార్మలే" అంది.

"అమ్మయ్య! మా వదినకన్నీ అనుమానాలే" అని పిచ్చుక ఎగురుకుంటూ లోపలికి పోయింది.

భోజనాల వేళ చెబుదామనుకుంది గన్నక్క. భోజనాల వేళకి పిచ్చుక చుట్టూ అందరూ ఉన్నారు. సాయంత్రం వెళ్ళేటప్పుడు చెబుదామనుకుంది. సాయంత్రం పిచ్చుక మామూలుగానే నవ్వుతూ చెయ్యూపింది. ఎండదెబ్బ అయ్యుంటుందిలే అనుకుంది. చెప్పకూడదనుకున్నవాళ్ళకి సాకులు ఎంత తేలిగ్గా దొరుకుతాయో చెప్పలేం.

తర్వాత పిచ్చుక పనికి రాలేదు. తండ్రిని ఆసుపత్రిలో చేర్చారని కబురొచ్చింది. అంతా చెప్పేద్దామని గన్నక్క ఫోన్ చేస్తే, అవతల పిచ్చుక గొంతు బొంగురుపోయి ఉంది. "ఆక్సిజన్ పెట్టారక్కా. లోపలికి రానివ్వట్లేదు. అద్దంలోంచి కూడా చూడనివ్వట్లేదు." ఆ గొంతు విన్నాక ఏం చెబుతుంది? "ధైర్యంగా ఉండు" అని పెట్టేసి, ఆ మాట అన్నందుకు తన నోటిని తనే తిట్టుకుంది. అటు తర్వాత కొన్నాళ్ళకే ఆయన పోయాడు.

కబురు షాపులో పాకింది, షాపు నుంచి వీధుల్లోకి పాకింది. ఆ పిల్లే ఇంటికి తెచ్చి అంటించిందట అన్నారు జనం. పిచ్చుక కూర్చునే కౌంటర్ వైపు పోవడమే మానేశారు. పాలవాడు వాళ్ళ వీధి మొదట్లోనే ప్యాకెట్లు పెట్టి పారిపోతున్నాడట, పక్కింటివాళ్ళు వాళ్ళ వైపు కిటికీలు తెరవడమే లేదట. ఇవన్నీ ఎవరెవరో గన్నక్కకి లైన్లో నిలబడి చెప్పారు, చెప్పి నుదురు ముందుకి పెట్టారు. ఒకాయనైతే "మీరు రోజూ చూసేవారుగా, తెలీలేదా?" అని అడిగాడు. గన్నక్క వినపడనట్టు గన్ను నొక్కింది. సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది ఆవిడకి.

కొన్నాళ్ళకి ఒక ఉదయం పిచ్చుక వచ్చింది. వెంట వాళ్ళన్న. చిక్కిపోయి, గడ్డం పెరిగిపోయి, కళ్ళు ఎర్రగా ఉన్నాడు.

"మీరేనా గన్నక్క అంటే? ఒక్క మాట అడగాలి. ఆ రోజు దీని ఒళ్ళు కాలిపోతోందని మా ఆవిడ అంటోంది. ఇదేమో షాపులో చూశారు, జ్వరం లేదు అంటోంది. జ్వరమని తెలిసీ ఇంటికొచ్చి, నాన్న పక్కన కూర్చుని తన చేత్తో అన్నం తినిపించిందా? నాకది తెలియాలి. మీరేం చెబితే అదే. ఇంకెప్పుడూ అడగను."

పిచ్చుక ఏడవడం లేదు. మాస్కు పైనుంచి గన్నక్క వైపే చూస్తోంది. "చెప్పక్కా. నువ్వేగా చూశావు."

వీళ్ళు ఎప్పుడొచ్చినా నిజం చెప్పేయాలని గన్నక్క అప్పటికి ఎన్నిసార్లు అనుకుందో. తీరా వచ్చాక లెక్కలు వేసుకుంది. నిజం చెబితే ఆ రోజు జ్వరం ఉన్నట్టే, తండ్రికి అంటించింది కూతురే అయినట్టే. ఆ పిల్ల ఇక బతికినన్నాళ్ళూ ఆ ముద్దలే తలుచుకుంటుంది. అబద్ధం చెబితే పిల్ల బయటపడుతుంది. తనూ బయటపడుతుంది. పిల్ల కోసమే చెబుతున్నానని గట్టిగా అనుకోబోయింది కానీ, ఆ రెండో సంగతి పక్కనే కూర్చుని ఆవిడని చూసి నవ్వుతోంది.

"లేదు బాబూ. నేనే చూశాను. తొంభై ఏడే" అంది.

అన్న భుజాలు వాలిపోయాయి. మొహం చేతులతో తుడుచుకుని, చెల్లెలి తల మీద చెయ్యి వేశాడు. "తప్పయిందే" అన్నాడు. పిచ్చుక అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఏడ్చింది. ఏడుస్తూనే గన్నక్క చెయ్యి పట్టుకుంది. "ఇంట్లో ఎవరూ నమ్మలేదక్కా. నాకే నా మీద అనుమానమొచ్చేసింది. నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నో." గన్నక్కకి ఆ చెయ్యి విడిపించుకుని పారిపోవాలనిపించింది.

"అక్కా, ఇంకొక్క సాయం" అంది పిచ్చుక కళ్ళు తుడుచుకుంటూ. "వదినకి రాత్రి నుంచి నీరసంగా ఉంది. కడుపుతో ఉంది కదా, ఆసుపత్రికి పోతే అక్కడే అంటుకుంటుందేమోనని భయం. గన్నక్క నార్మల్ అంటే నార్మలే, అక్కడ చూపించి ఇంటికెళ్ళిపోదాం అని నేనే తీసుకొచ్చాను. చూడవూ?"

రోడ్డు పక్కన స్కూటర్ మీద ఒకామె కూర్చుని ఉంది. ఒక చెయ్యి కడుపు మీద, ఇంకో చెయ్యి సీటు మీద ఆనించి, తల వాల్చేసి.

గన్నక్క గన్ను పట్టుకుని స్కూటర్ దాకా నడిచింది. లైన్లో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు. మేనేజర్ తలుపు తెరిచి గుమ్మంలోకి వచ్చాడు. వదిన కళ్ళెత్తి, అలవాటైన మనిషిలా నుదురు ముందుకి పెట్టింది. నొక్కితే ఏం చూపిస్తుందో గన్నక్కకి తెలుసు. ఆవిడ గన్ను నొక్కలేదు, అరచెయ్యి తీసి ఆ నుదుటి మీద పెట్టింది. పెనం మీద చెయ్యి పెట్టినట్టుంది.

"జ్వరం గట్టిగా ఉంది. ఇప్పుడే, ఇటునుంచి ఇటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

అన్న కంగారుపడ్డాడు. "చేత్తో ఏం తెలుస్తుందండీ? గన్ను పెట్టి చూడండి."

"గన్ను పనిచెయ్యదు బాబూ. మీరు ఆలస్యం చెయ్యొద్దు."

గుమ్మంలో మేనేజర్ ఏదో అన్నాడు. లైన్లో గుసగుసలు మొదలయ్యాయి, ఎవరో "ఏంటీ, పనిచెయ్యదా?" అని గట్టిగా అరిచారు. అన్న గబగబా స్కూటర్ స్టార్ట్ చేశాడు, భార్య చేతిని తీసి తన నడుం చుట్టూ వేసుకున్నాడు. బండి కదిలింది.

పిచ్చుక మాత్రం కదల్లేదు.

"ఎప్పట్నుంచక్కా?" అంది.

గన్ను కింద పడ్డ రోజు నుంచీ జరిగిందంతా గన్నక్క చెప్పింది. చెబుతున్నంతసేపూ పిచ్చుక ముఖంలోకే చూసింది.