చివరి అంగుళం

పూల దుకాణం ఆవిడ కిటికీ పక్కనున్న అర ఖాళీ చేసి ఇస్తానన్నప్పటి నుంచీ ఆమెకు కాళ్లు నేల మీద ఆనడం లేదు. సోమవారం కొవ్వొత్తులు తెచ్చి సర్దుకోమంది. కళ్లజోళ్ల షాపులో ఊళ్లో వాళ్ల ముక్కులకు ఫ్రేములు సరిచేస్తూ వచ్చిన మనిషి. తను చేసిన వస్తువు మీద తన పేరు చూసుకోబోవడం ఇదే మొదలు.

వంటగది గట్టు మీద కొవ్వొత్తులు బారులు తీరి ఉన్నాయి. పొట్టి గాజు గ్లాసులు, మీగడ రంగు మైనం, నడుమ నిటారుగా లావుపాటి వత్తి. మైనాన్ని ఎప్పుడు దించాలో, సువాసన నూనె ఎంత వేడిలో కలపాలో ఆమె చేతులకే తెలుసు. ఆ చేతుల మీద ఆమెకు గురి. అది గర్వం కాదు కదా అని చాలాసార్లు తరచి చూసుకుంది కూడా.

ఆదివారం పొద్దున పై వాటాలోంచి వదిన దిగొచ్చింది. క్యాంటీన్‌లో వంట చేసే వదినకు సెలవు రోజున కూడా చేతులు ఊరుకోవు. గ్లాసొకటి తీసి వాసన చూసి, అగ్గిపెట్టె అందుకుంది.

"వద్దు వదినా, పాడైపోతుంది."

వదిన పుల్ల గీయబోయి ఆగింది. "కొవ్వొత్తి వెలిగిస్తే పాడైపోవడమేంటి తల్లీ? మీ ఇంటివాళ్లు దీపాన్ని కూడా బీరువాలో దాస్తారా?"

ఆమె నవ్వేసింది గానీ, ఆ మాట పంటి కింద రాయిలా తగిలింది. ఎందుకంటే అది నిజం. ఆ ఇంట్లో మంచి దుప్పట్లు మడత విప్పకుండానే రంగు వెలిశాయి. మంచి కప్పులు అద్దాల వెనకే పుట్టి పెరిగినట్టు ఉండేవి. వాటిలో టీ తాగింది ఈ ఇంటికి కోడలై వచ్చిన వదినొక్కతే, అదీ వచ్చిన మర్నాడే.

"సరే, చివరిదాకా వెలిగించిన దాన్ని చూపించు. అదెట్లా ఉంటుందో చూస్తాను" అంది వదిన.

చూపించడానికి ఒక్కటీ లేదు. చేసిన ప్రతిసారీ ఒకదాన్ని ఆమె వెలిగించి చూసింది, నిజమే. పైన మైనం కరిగి అద్దంలా మెరిసి, మంట ఠీవిగా నిలబడగానే తృప్తిగా ఊదేసింది. అంతకంటే అందంగా ఉండదని తెలిసిన క్షణంలో ఆర్పేయడం ఆమెకెప్పుడూ పరీక్షలాగే అనిపించింది గానీ, పారిపోవడంలా అనిపించలేదు.

పిన్నికి ఫోన్ చేసి, తనిచ్చిన కొవ్వొత్తి చివరిదాకా వెలిగించిందా అని అడిగింది. బంధువుల్లో అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది ఆవిడే.

"వెలిగించడమా? మనసెట్లా ఒప్పుతుందే? అద్దాల బీరువాలో పెట్టాను, వచ్చినవాళ్లంతా అడుగుతున్నారు" అంది పిన్ని.

కళ్లజోళ్ల షాపులో తనతో పనిచేసే వాళ్లను అడిగితే ఒకరు టీవీ పక్కన పెట్టారు, ఒకరు బట్టల మధ్య పెట్టారు. అందరి దగ్గరా క్షేమంగా ఉన్నాయి. ఇన్నాళ్లూ తను కూడబెట్టుకున్న పొగడ్తలన్నీ వెలగని కొవ్వొత్తులవేనని ఆమెకప్పుడు అర్థమైంది.

గట్టు మీది వాటిలోంచి ఒకటి తీసి, స్టీలు పళ్లెంలో పెట్టి వెలిగించింది. వదిన ఎదురుగా కూర్చుని ఉతికిన బట్టలు మడత పెట్టసాగింది. మంట ఠీవిగా నిలబడగానే ఊదడానికి ఆమె పెదవులు వాటంతటవే గుండ్రంగా అయ్యాయి. వదిన అది చూసి ఒక తువ్వాలు విసిరింది మడతపెట్టమని. ఆమె తన చేతులకు పని చెప్పింది.

మధ్యాహ్నం దాటాక మైనం చివరి అంగుళానికి దిగింది. గ్లాసు లోపలికి దిగిన మంట పెద్దదై ఊగసాగింది. అంచు చుట్టూ మసి పట్టింది. వదిన గ్లాసుకు దగ్గరగా వేలు తీసుకెళ్లి చప్పున వెనక్కి లాక్కుంది. ఆ కాసేపటికే టప్పుమని గ్లాసు నిలువునా చీలింది. కరిగిన మైనం పళ్లెం నిండా పారింది.

వదిన ఈసారి హాస్యమాడలేదు. పళ్లెం లేకపోతే మైనమంతా బల్ల మీదికి పారేది, ఆ బల్ల మీదే బట్టలు.

లావు వత్తిని ఎంచుకుంది తనే. మొదటి నిమిషాల్లో మంట రాజసంగా ఉంటుందని. తను చూసినవన్నీ మొదటి నిమిషాలే కదా. ఎలాగూ ఎవరూ చివరిదాకా వెలిగించరులే అని లోపలినుంచి ఒక గొంతు మెత్తగా నచ్చజెప్పింది. ఆ గొంతును ఆమె గుర్తుపట్టింది. అది బీరువా తాళం తిప్పే గొంతు. కొనేవాళ్లంతా పిన్నులే అయి ఉండరు. వాళ్లలో చివరిదాకా వెలిగించే వదిన ఒక్కతి ఉంటే చాలు.

సోమవారం ఆమె ఖాళీ చేతులతో పూల దుకాణానికి వెళ్లి, మంట అడుగుకు చేరితే గ్లాసు పగులుతోందని, సరిచేశాకే తెస్తానని చెప్పింది. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది. అర కోసం సబ్బులు చేసే ఇంకొకావిడ కూడా అడుగుతోందని, ఖాళీగా ఉంచడం కుదరదని అంది. ఆమె సరేనంది. అర పోతుందేమో, చేతుల మీద గురి మాత్రం పోలేదు. వాటికి తెలియాల్సింది ఇంకా ఉంది, అంతే.

తర్వాత ఆ ఇంట్లో కొవ్వొత్తులు తెగ కాలాయి. సన్న వత్తి పెడితే మంట మైనంలో మునిగి ఆరిపోయింది. కాస్త లావు పెంచితే మసి పట్టింది. మందపాటి గ్లాసు తెచ్చింది. అడుగున వత్తిని పట్టుకునే బిళ్ల ఎత్తుగా ఉన్నది వేసింది, అడుగున మైనం కొద్దిగా మిగిలి ఉండగానే మంట తనంతట తానే ఆరేలా. ఖాళీ గ్లాసులు గట్టు నిండా చేరాయి. వదిన వాటిలో చెంచాలు పెట్టుకుంది, దువ్వెనలు పెట్టుకుంది, ఇక పెట్టడానికి తన దగ్గరేమీ లేదని ఫిర్యాదు చేసింది.

మళ్లీ పూల దుకాణానికి వెళ్లినప్పుడు ఆమె సంచిలోంచి ముందుగా తీసి బల్ల మీద పెట్టింది ఒక ఖాళీ గ్లాసు.

"ఇదేంటండీ, అడుగున కాస్త మైనం తప్ప ఇందులో ఏం లేదు?" అంది ఆవిడ.

"పూర్తిగా అయిపోయిన కొవ్వొత్తండీ. ముందు దీన్ని చూడండి. కొత్తవి తర్వాత చూద్దురుగాని."

ఆవిడ గ్లాసును వెలుతురుకు ఎత్తి తిప్పింది. లోపల వేలు పెట్టి రాసి, వేలు చూసుకుంది. మసి అంటలేదు. అరలో సగం అప్పటికే సబ్బులు ఆక్రమించాయి. ఆవిడ వాటిని ఒక పక్కకు జరిపి, మిగిలిన సగాన్ని గుడ్డతో తుడిచింది.

"ఒకటి ఇక్కడ వెలిగించి ఉంచనా? సాయంత్రం దాకా నేనిక్కడే ఉంటాను."

"వెలిగించండి. ఆర్పకండి" అంది ఆమె.

పుల్ల గీసిన చప్పుడు వినిపించింది. మంట ఠీవిగా నిలబడే వేళకు ఆమె వీధిలో నడుస్తోంది, వెనక్కి తిరిగి చూడకుండా.